తూకం వెయ్యని పలక

కిందటి వారం అమలాపురంలో డాక్టరు గారి దగ్గర బరువు చూసే మిషను ఎక్కమన్నారు. ఎక్కగానే పొట్ట లోపలికి లాక్కున్నాను. ఎవరైనా చేసే పనే. అంతలో పక్కన నిలబడి ఎవరో అన్నట్టే వినిపించింది. “లాక్కోకండి ఇన్‌స్పెక్టరు గారూ. పొట్ట లోపలికెళ్తాది గానండి, బరువెక్కడికీ పోదు.”

ఆ మాట అనే మనిషి పోయి ఏడాది కావస్తోంది. డైరీలో ఆయన గురించి అప్పుడప్పుడూ ఒకటి రెండు వాక్యాలు రాసుకున్నాను గానీ, కూర్చుని మనిషిని మొత్తంగా ఎప్పుడూ తలుచుకోలేదు. ఆ రోజు బస్సులో పి.గన్నవరం తిరిగొచ్చేదాకా ఆయనే పక్క సీట్లో కూర్చున్నట్టుంది. పక్క సీట్లో కూర్చునే మనిషి కూడా కాదు. బస్సు బాడీ కట్టినవాణ్ణి తిడుతూ నిలబడే ఉండేవాడు.

ఊళ్ళో ఆయన్ని తూకం మేస్త్రి అనేవారు. పడవలు కట్టే వడ్రంగి. నేను కాలవల డిపార్టుమెంటులో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనప్పటి నుంచీ పొద్దున్నే ఏటిగట్టు మీద నడుస్తాను. కాలవని ఏటి మీదుగా దాటించే అక్విడెక్టుకి దిగువన పాత రేవు పక్కనే ఆయన షెడ్డు. షెడ్డంటే తాటాకు పాక. దాని ముందు నేల ఏటవాలుగా నీళ్ళలోకి దిగిపోతుంది. కట్టిన పడవని అలా తోస్తే ఇలా ఏట్లోకి జారేది. ఆయన తండ్రి అక్కడే నావలు కట్టాడు. వంతెనలొచ్చి నావలు పోయాయి. ఫైబరు బోట్లొచ్చాక చేపల వేటకి వెళ్ళేవాళ్ళూ చెక్క అడగడం మానేశారు. అప్పుడు, అరవై దాటిన వయసులో, ఈయన నిలబడి తెడ్డేసే పలకలు చెయ్యడం మొదలుపెట్టాడు.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. అది మనిషికి దాదాపు రెట్టింపు పొడవుండే చెక్క పలక. దాని మీద నిలబడి, పొడవాటి తెడ్డుతో నీళ్ళు తోసుకుంటూ వెళ్తారు. చూడ్డానికి ఒకటే చెక్కలా ఉంటుంది గానీ లోపలంతా డొల్ల. చేపకి ముల్లులా మధ్యలో ఒక పొడవాటి దూలం, దానికి అటూ ఇటూ పక్కటెముకలు, వాటి మీద పల్చటి చెక్క బద్దీలు అతికించి, పైన రెజిన్ పూస్తారు. రాజోలు నుంచి పళ్ళ డాక్టరొకాయన వచ్చి ఫోన్లో వీడియో చూపించి, ఇలాంటిది చెయ్యగలరా అని అడిగాడు. మేస్త్రి ఆ వీడియో చివరిదాకా చూసి ఫోను తిరిగిచ్చేస్తూ, “మా తాత తెప్ప మీద నుంచుని సముద్రంలోకి పోయేవోడండి. ఆయనకెవరూ నల్లకళ్ళద్దాలు పెట్టి ఫోటో తియ్యలేదు” అన్నాడు. చేస్తాననీ అనలేదు, చెయ్యననీ అనలేదు. డాక్టర్ని కాటా ఎక్కమన్నాడు.

ఆ కాటా ఒక కొబ్బరి కొట్టు మూసేసినప్పుడు వాళ్ళు వదిలించుకున్నది. బస్తాలు తూచే ఇనప కాటా. షెడ్డు గుమ్మంలోనే ఉండేది. దాన్ని ఎక్కకుండా లోపలికి రావడానికి దారి లేదు. పలక కావాలని ఎవరొచ్చినా ముందు దాని మీద నిలబడాలి. నిలబడకపోతే చెక్క మీద రంపం పెట్టడు. “నావైతే అందులో వేసే సరుకు తూస్తామండి. దీంట్లో సరుకు మీరేనండి” అనేవాడు.

బరువు చూశాక గట్టు మీద కాస్త దూరం నడిచి వెనక్కి రమ్మనేవాడు. ఆ నడక చూసి పలక వెడల్పు తేల్చేవాడు. మేస్త్రి వైపు చూసుకుంటూ నడిచినవాళ్ళకి వెడల్పు పలక, ఏటి వైపు చూసుకుంటూ నడిచినవాళ్ళకి సన్నటి పలక. ఇదేం లెక్కని అడిగితే, మొదటి రకం వాళ్ళు జనం కోసం నీళ్ళలోకి దిగుతారు కాబట్టి పడతారట. ఈ లెక్క అన్నిసార్లూ నిజమైందని నేను చెప్పలేను. కొత్తపేట లెక్చరరొకాయన ఏటినే చూస్తూ నడిచి, సన్నటి పలక తీసుకెళ్ళి, దాని మీద ఒక్కసారి కూడా నిలబడలేక ఇంటి గోడకి ఆనించుకున్నాడు. ఆ సంగతి ఎత్తితే మేస్త్రి ఒప్పుకునేవాడు కాదు. నడిచినరోజు ఆయన ఏటివైపు చూసింది దొంగచూపనేవాడు.

ఆ లెక్చరరే మొదట వచ్చినప్పుడు కాటా ఎక్కడానికి బదులు తన బరువు తనకి తెలుసంటూ ఒక అంకె చెప్పాడు. మేస్త్రి ఆయన్ని కిందనించి పైదాకా చూసి, “మీరు అబద్ధం ఆడుతున్నారండి” అన్నాడు. తిట్టినా అండీ ఉండాల్సిందే మాకు. ఆయన కోపంతో వెళ్ళిపోయి, వారం తిరక్కుండా వచ్చి కాటా ఎక్కాడు. పళ్ళ డాక్టరుదీ అదే గొడవ. వీడియోలో ఉన్నలాంటి పలకే కావాలన్నాడాయన. “ఆ వీడియోలో ఆయన తాటిమట్టలా ఉన్నాడండి. ఆయన పలక మీకేసేస్తే సరిపోద్దా? ఒకళ్ళ పళ్ళసెట్టు ఇంకోళ్ళకి పెడతారాండి మీరు?” అన్నాడు మేస్త్రి. డాక్టరు నవ్వి, నోరు మూసుకుని, వెడల్పు పలకే తీసుకెళ్ళాడు.

ఆడవాళ్ళొస్తే మటుకు మేస్త్రి ఏటి వైపు తిరిగి నిలబడేవాడు. ఆయన భార్య తూచేది. ఆ అంకె ఆవిడ మొగుడికి కూడా చెప్పేది కాదు. లోపలికెళ్ళి తగిన మందం బద్దీలు తనే ఏరి, ఆయన ముందు పడేసేది. ఆయన వాటిని చూసి పనిలోకి దిగేవాడు. వాళ్ళిద్దరి మధ్యా నేను చూసిన మర్యాద అదొక్కటే. మిగతా వేళల్లో ఆవిడ పెట్టిన టీకి వంక, నిలబడిన చోటుకి వంక, మాట్లాడితే వంక.

చెక్కని కూడా తిట్టేవాడు. కొత్తగా వచ్చిన బద్దీ అంచున చిన్న పేడు తీసి నోట్లో వేసుకుని నమిలేవాడు. తడి ఆరిందో లేదో నాలిక చెబుతుందట. నచ్చకపోతే ఉమ్మేసి, ఆ బద్దీ మొహమ్మీదే చెప్పేవాడు. ఎవరో తీసుకొచ్చిన మామిడి చెక్కతో, “నువ్వు శవం కిందకే పనికొస్తావు, పో” అన్నాడు. పక్కటెముకలకి పనస, పైకి మలబారు వేప, అంచుకి సన్నగా టేకు. ఇంకే చెక్క తెచ్చినా పలక చేసేవాడు కాదు. పలక పూర్తయ్యాక దాని నెత్తిన ఒక చిన్న బిరడా పెట్టేవాడు. ఎండలో ఉంచినప్పుడు అది విప్పాలి, లేకపోతే లోపలి గాలి ఉబ్బి అతుకులు విడిపోతాయి. ఈ సంగతి కొన్నవాళ్ళకి చెబుతూ, “మూసెట్టుకున్నది ఏదైనా అంతేనండి, ఎప్పుడో పగుల్తాది” అనేవాడు.

నాకు పలక చెయ్యనన్నాడు. నేను అడగనూ లేదు. రోజూ గట్టు మీద వెళ్తుంటే పిలిచి, నడక ఏమైనా పనిచేస్తోందో లేదో చూద్దాం రండంటూ కాటా ఎక్కించేవాడు. ఏనాడూ పనిచెయ్యలేదు. ఆ సంగతి దారే పోయేవాళ్ళకి కూడా వినిపించేలా చెప్పేవాడు.

ఇంత నోరున్నవాడు. అందుకే తరవాత జరిగింది నాకు మింగుడు పడదు.

ఆ షెడ్డున్న జాగా ఆయనది కాదు. దానికి ఆనుకుని ఉన్న కొబ్బరితోట ఎవరిదో ఆ జాగా కూడా వాళ్ళదే. తోట యజమానిని ఊళ్ళో చినబాబుగారంటారు. వాళ్ళ నాన్నగారు పెద్దబాబుగారి రోజుల్లో మేస్త్రి తండ్రి వెళ్ళి అడిగితే, పడవలు కట్టుకో అన్నారు. కాగితం లేదు, అద్దె లేదు, మాటే. ఆ మాట మీద రెండు తరాలు గడిచాయి. ఇప్పుడు చినబాబుగారు తోటలో రిసార్టు కట్టించారు. అతిథులకి ఏటి మీద ఆటలుండాలి. మేనేజరొకడు వచ్చి మేస్త్రికి సంగతంతా మర్యాదగా, స్పష్టంగా చెప్పాడు. ముందు బాబుగారికి ఒక పలక చెయ్యాలి. రిసార్టు తెరిచే రోజు ఆయనే దాని మీద నిలబడి ఏట్లోకి వెళ్తారు. అది బాగుంటే మిగతావన్నీ మేస్త్రే చేస్తాడు, షెడ్డు అక్కడే ఉంటుంది, అతిథులు వచ్చి పని చూసి వెళ్తారు. లేదంటే ఆ జాగాలో నీళ్ళ మీదికి భోజనాల అరుగు కట్టాలనుకుంటున్నారు.

మేస్త్రి చిత్తమన్నట్టు ఆయ్ అన్నాడు. అంతకుముందు ఆయన నోట ఆ మాట నేను విన్న గుర్తు లేదు.

చినబాబుగారు షెడ్డుకి వస్తారన్న రోజు నేను వెళ్ళేసరికి గుమ్మం ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. మేస్త్రి కాటా మీద గోనెపట్టా కప్పుతున్నాడు. అదెందుకని అడిగితే వినపడనట్టు ఊరుకున్నాడు. పట్టా మీద చెక్కముక్కలు కూడా పడేశాడు, కింద ఏదో ఉందన్న అనుమానం రాకుండా. తలకి చుట్టుకునే తువ్వాలు తీసి నడుముకి చుట్టుకున్నాడు.

చినబాబుగారు మంచి మనిషి. అది చెప్పకపోతే అన్యాయం. వచ్చి, చేస్తున్న పలకల మీద చెయ్యి వేసి చూసి, నన్ను కుశలం అడిగి, నవ్వుతూ అన్నారు. “మీరందర్నీ కాటా ఎక్కిస్తారంట కదండీ మేస్త్రి గారూ. నన్నూ ఎక్కమంటారని సిద్ధపడే వచ్చేను.”

“ఆయ్, అది మామూలు జనానికండి” అన్నాడు మేస్త్రి. “తవర్ని తూసేదేంటండి. తప్పండి.”

“ఇంతకీ కాటా ఏదండీ?”

“రిపేరుకిచ్చేనండి.”

ఆయన సరే అనేశారు. గట్టు మీద నడవమని మేస్త్రి అడగనూ లేదు. ఆయన కారెక్కేదాకా మేస్త్రి ఎండలో నిలబడ్డాడు. కారు వెళ్ళాక, బరువు తెలియకుండా పలక ఎలా చేస్తారని అడిగాను. “కళ్ళున్నాయి కదండీ” అన్నాడు విసురుగా.

మా ప్రాంతం మర్యాదకి పేరు. పైఊళ్ళవాళ్ళు వచ్చి మా అండీల్ని చూసి ముచ్చటపడి వెళ్తారు. ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ణి గనక నాకు ఇంకొకటి కూడా తెలుసు. ఎదటివాడి మనసు నొప్పించకూడదని మేము నిజాన్ని ఎంత దూరమైనా మోసుకెళ్ళి పాతిపెట్టగలం. ఆ పలక చేస్తున్నన్నాళ్ళూ ఆ షెడ్డులో జరిగింది అదే.

పలక మటుకు అందంగా వచ్చింది. అంత నునుపు ఆయన చేతిలో ముందెప్పుడూ చూడలేదు. అంచున టేకు గీత ఎక్కడా వణకలేదు. అయితే సన్నగా ఉంది. పళ్ళ డాక్టరు పలక పక్కన పెడితే చెల్లెలిలా ఉంది. డాక్టరు కన్నా చినబాబుగారు భారీ మనిషని గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఆ మాట మేస్త్రి భార్య నా ఎదటే అంది. “బాబుగారు గట్టు దిగేటప్పుడు చూసేను. కారు తలుపు పట్టుకుని దిగేరు. ఈ పలక ఆయన్ని మొయ్యదు.”

మేస్త్రి తల ఎత్తకుండానే అన్నాడు. “వెడల్పు పలకేసి నలుగురిలో పెడితే ఏవనుకుంటారే? బాబుగారికి ఒళ్ళెక్కువని మేస్త్రి చెక్క మీద రాసెట్టేడంటారు.”

“అనుకుంటే అనుకుంటారు. ఏట్లో పడితే?”

“నోరు ముయ్యి” అన్నాడు. ఆవిడ మూసుకుంది. నాకేసి చూసింది. నాకూ ఆయన నోటి సంగతి తెలుసు కాబట్టి, పలక బాగుందని చెప్పి నా దారిన నేను వచ్చేశాను. బాగుందన్నది అబద్ధం కాదు.

రిసార్టు తెరిచిన రోజు పొద్దున్న రేవులో పెళ్ళి జనమంత జనం. అరిటాకుల తోరణాలు, మైకు, సెల్‌ఫోన్లు. చినబాబుగారు మోకాళ్ళ దాకా ఉండే లాగూ, నారింజ రంగు లైఫ్‌జాకెట్టు వేసుకుని వచ్చారు. మేస్త్రి పలకకి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నీళ్ళలో తనే పట్టుకుని నిలబడ్డాడు. బాబుగారు ముందు మోకాళ్ళ మీద ఎక్కి, మెల్లిగా లేచి నిలబడ్డారు. జనం చప్పట్లు కొట్టారు. మేస్త్రి చేతులు వదిలాడు.

పలక మునిగిపోలేదు. నీళ్ళు రెండు అంచుల మీదుగా పైకొచ్చి బాబుగారి పాదాల్ని ముట్టుకున్నాయి. ఆయన కిందకి చూసుకున్నారు. చూసుకోవడంతో ఒక పక్కకి ఒరిగారు. పలక ఆయన కిందనుంచి చేపలా జారిపోయింది. ఆయన వెల్లకిలా పడ్డారు. లోతు నడుము దాకానే. లేచేటప్పటికి ఒంటినిండా బురద. పడ్డంలో మనిషి బరువు ఎంతో ఆ చప్పుడు రేవులో అందరికీ చెప్పింది. అతిథుల్లో ఎవరో నవ్వారు. సాయంత్రానికి ఆ వీడియో నా ఫోన్లోకీ వచ్చింది.

ఆ వీడియోలో లేనిది ఒకటి నేను చూశాను. బాబుగారు ఒడ్డుకొచ్చి మెట్టు మీద కూర్చుంటే మేస్త్రి ఆయన ముందు నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, నడుముకున్న తువ్వాలు విప్పి, ఆయన కాళ్ళకంటిన బురద తుడిచాడు. కాటా ఎక్కనన్నవాణ్ణి గట్టు మీద నుంచి వెళ్ళగొట్టిన మనిషి. “అయ్యయ్యో, ఎందుకండీ, వద్దండీ” అంటూనే ఉన్నారు చినబాబుగారు. కాళ్ళు మటుకు వెనక్కి తీసుకోలేదు. “మీ తప్పేం లేదండి మేస్త్రి గారూ, నాకే అలవాటు లేదు” అని కూడా అన్నారు. ఎక్కడా గొంతు పెరగలేదు.

తరవాతదంతా అంత మర్యాదగానూ జరిగింది. గాలి నింపుకునే ప్లాస్టిక్కు పలకలు లారీలో వచ్చాయి. ఎవరి బరువైనా మోస్తాయవి. మేనేజరు వచ్చి, బాబుగారు మీకేం ఇబ్బంది లేకుండా చూడమన్నారండీ అంటూ, గట్టుకి అవతలి పక్క కొత్త షెడ్డు కట్టించి ఇచ్చాడు. రేకుల కప్పు, సిమెంటు నేల, కరెంటు. పాత పాక కన్నా అన్నివిధాలా మేలైనది. అక్కడినుంచి ఏరు కనపడదు. పలకని తోస్తే జారడానికి నీళ్ళు లేవు. మేస్త్రి ఆ షెడ్డులో ఒక్కరోజూ రంపం పట్టలేదు. ఎవరో రొయ్యల మేత బస్తాలు దాచుకుంటామంటే ఇచ్చేశాడు. బాబుగారి పలకని రిసార్టు వాళ్ళు ముందు గదిలో గోడకి బిగించి, కింద లైటు పెట్టారు. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు.

చివరిసారి ఆయన్ని వాళ్ళింటి దగ్గర చూశాను. మంచం మీద ఉన్నాడు. కాళ్ళు వాచాయి. నన్ను చూసి మీరు తగ్గినట్టున్నారే అన్నాడు. వెక్కిరింతేమో అనుకున్నాను. కాదు. ఆ ఇంట్లో ఆ మాట అంత మెత్తగా రావడం విని భార్య కూడా వంటింట్లోంచి తొంగి చూసింది. ఎన్నాళ్ళ నుంచో లోపల ఉన్నది అడిగేశాను. అందర్నీ ఎక్కించారు, ఆయన్నొక్కణ్ణీ ఎందుకు ఎక్కించలేదు, ఆయనే ఎక్కుతానన్నా.

దిండు మీద తల సర్దుకున్నాడు. తరవాత పైకప్పుకేసి చూస్తూ చెప్పాడు.

“మా అయ్య జాగా అడగడానికి పెద్దబాబుగారింటికెళ్ళినప్పుడు నేనూ ఎళ్ళేనండి. చిన్నోణ్ణి. వాకిట్లో నుంచున్నాను. మా అయ్య అరుగెక్కి ఓ పక్కన నుంచున్నాడండి. అప్పుడు పెద్దబాబుగారు కుర్చీ చూపించి ‘కూర్చోండి’ అన్నారు. మా అయ్యనండి. మావోళ్ళలో ఆ అరుగు మీద కూర్చున్నోడు లేడు, అంతకుముందు. మా అయ్య కుర్చీ అంచున ఇలాగ కూర్చున్నాడు. ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పి ఏడిచేడండి. చచ్చిపోయేదాకా చెప్పేవోడు. పెద్దబాబుగారు నన్ను అండీ అన్నారు, కూర్చోమన్నారు అని. అలాంటోరి అబ్బాయిని, బస్తాలు తూసేదాని మీద నుంచోబెట్టమంటారా?”

ఆ రాత్రి డైరీలో ఆయన మాటలు ఆయన అన్నట్టే రాసుకున్నాను. ఆ తరవాత ఆయన ఎక్కువ రోజులు బతకలేదు.

పెద్దకార్యానికి చినబాబుగారు వచ్చారు. బియ్యం బస్తాలు ముందే పంపించారు. పైఊళ్ళ నుంచి వచ్చిన మేస్త్రి కొడుకుల్ని పరామర్శించి, గట్టిపని మనిషండీ, అలాంటి చెయ్యి మళ్ళీ రాదండీ అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఇద్దరం పందిరి కింద పక్కపక్కన కూర్చున్నాం. నా నోరాగలేదు. ఆ రోజు కాటా రిపేరులో లేదని, గోనెపట్టా కింద ఉందని చెప్పాను. ఎందుకు దాచాడో చెప్పాను. వాళ్ళ నాన్నగారు మేస్త్రి తండ్రిని కూర్చోమన్న సంగతి, దాన్ని ఆ ఇంట్లో ఎలా కాపాడుకున్నారో మొత్తం చెప్పాను.

చినబాబుగారు ఆసక్తిగా విన్నారు. గుర్తు తెచ్చుకోడానికి కాసేపు కళ్ళు మూసుకున్నారు. తరవాత మెల్లిగా నవ్వారు.

“అదాండీ. అప్పట్లో మా నాన్నగారికి శుక్లాలండి, రెండు కళ్ళకీ. మనిషి పోలిక తెలిసేది కాదు. అరుగు మీద అడుగుల చప్పుడైతే చాలు, వచ్చిందెవరైనా సరే, కూర్చోండి అనేసేవారు. ఓసారి మా పాలేర్ని కూడా అన్నారండి. పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆపరేషనయ్యి చూపొచ్చేక మానేశారు లెండి.”